ముందు కారిందా బాబూ?

అంతర్వేది పల్లిపాలెం రేవులో, త్రిమూర్తులు టీ కొట్టు బెంచీ మీద భానుతేజ కూర్చున్నాడంటే చుట్టుపక్కల పనులన్నీ కాసేపు ఆగినట్టే. తాళ్ళూ రంగులూ ఇంజనాయిలూ అమ్మే షావుకారు గారి ఒక్కగానొక్క కొడుకు. పడవల్లో దారి చూపించే డబ్బాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి ఇంట్లో కూర్చునే ప్రోగ్రాములు రాస్తాడు. కోతలు మాత్రం జీతం లేకుండానే కోస్తాడు.

ఆ సాయంత్రం జనం ఎక్కువే. రెండు నెలల వేట నిషేధం ఆ రోజుతో ఆఖరు. మర్నాడు పొద్దున్నే డబ్బాలన్నిట్లో కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి, పోటు చూసుకుని పడవలు కదలాలి. కిందటేడు నూకరత్నం మొగుడు పల్లంరాజు సముద్రం మధ్యలో డబ్బా ఆపి మళ్ళీ వేస్తే అది లేవలేదు. పైన మబ్బు, చుట్టూ నీళ్ళు. మూడు రోజులు దారి తెలీక తిరిగి తిరిగి ఎలాగో ఒడ్డున పడ్డాడు. ఆ మూడు రోజులూ నూకరత్నం ఈ రేవులోంచి కదల్లేదు. అందుకే ఇవాళ ఎండుచేపల గంప పక్కన పెట్టుకుని మరీ వింటోంది.

"చిన్న విషయమేనండి," అని వినయంగా మొదలుపెట్టాడు భానుతేజ. "మిషను స్విచ్ వెయ్యగానే అన్నిటికన్నా ముందు లేచే ప్రోగ్రాం ఒకటుంటుంది, బూట్‌లోడరంటారు. అది లేచి మిగతావాటిని లేపుతుంది. అది ఓపెన్ సోర్స్ అండి, అంటే ఊరుమ్మడి సొత్తన్నమాట, ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా బాగుచెయ్యొచ్చు. అందులో ఫైలు పేరు రాసుకోడానికి అరవై నాలుగు గళ్ళున్నాయి. పేరు పొడుగైతే పక్కవాళ్ళ గళ్ళలోకి దూరి కూర్చుంటోంది. దాంతో మిషను గుడ్లు తేలేస్తోంది. పల్లంరాజు గారి డబ్బాకి జరిగింది అదే. నేను ఒక్క లైను మార్చి పేరు అక్కడే ఆగేలా చేశాను. ఆ లైను పనిచేస్తోందని చూపించడానికి ఒక టెస్టు రాశాను. అంతే."

ఇంతవరకూ నిజమే. ఇక్కడితో ఆగితే వాడు భానుతేజ ఎందుకవుతాడు?

"ఒక్క టెస్టేనా?" అన్నాడు లెక్కల మేస్టారుగా రిటైరైన జోగేశ్వరరావు. గొంతులో అనుమానం లేదు, ఆశ ఉంది.

"ఒకటని ఎవరన్నారండి? ఇడ్లీకీ భోజనానికీ మధ్య నాలుగు వేల టెస్టులు! నా వేళ్ళు కనపడ్డం లేదని మా అమ్మ బెంబేలెత్తిపోయింది. నాలుగు వేలూ ఒక్కసారి నడిపితే ల్యాప్‌టాప్ ఎంత కాలిందంటే, అమ్మ దాని మీదే మూడు పెసరట్లు పోసింది, ఉల్లిపాయ కూడా వేగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సఖినేటిపల్లి నుంచి రాజోలు దాకా బల్బులన్నీ డిమ్మయిపోయాయి. స్తంభం మీదున్న లైన్‌మాను దిగొచ్చి, 'బాబూ, ఓ వెయ్యి టెస్టులు తగ్గించుకోండి, పిల్లలు చదువుకోవాలి' అని దండం పెట్టాడు."

"ఆయ్!" అని త్రిమూర్తులు వడకట్టే గుడ్డ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వెనకాల పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

"దానికే అదిరిపోతే ఎలాగన్నా? నా టెస్టులు నడిచినంతసేపూ, గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర పోటు నిలబడిపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. చేపలు తలలు బయటపెట్టి ఏంటి సంగతని చూస్తున్నాయి. ఈలోగా ఆ బూట్‌లోడర్ని చూసుకునే పెద్దమనిషి దగ్గర్నుంచి మెయిలొచ్చింది. ఫిన్లాండులో ఉంటాడాయన, మంచులో."

"ఏమని రాశాడు?" అన్నాడు మేస్టారు.

"'భానుతేజ గారూ, ముప్పై ఏళ్ళుగా మా కంటికి ఆనని లైను మీకెలా కనపడిందండీ' అని. ఏడ్చేశాడు పాపం. కన్నీళ్ళు కీబోర్డు మీద పడి గడ్డకట్టాయట, తవ్వి తీసుకున్నారు."

మెయిలు నిజంగానే వచ్చింది, మూడు రోజులైంది. అందులో ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న. నన్నే అడుగుతావా అని ఒళ్ళుమండి భానుతేజ జవాబివ్వలేదు. ఆ ముక్క ఇప్పుడు ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు కదా అనుకున్నాడు.

"అసలు సంగతి వినండి. అంగారకుడి మీద ఒక బండి ఆర్నెల్లుగా మూలపడి ఉందండి. దాని కడుపులోనూ ఇదే బూట్‌లోడరు. నా లైను పైకి పంపారు. ఠక్కున లేచింది! లేచి మొట్టమొదట ఏం చేసిందనుకున్నారు? ఆ ఎర్రమట్టిలో చక్రంతో 'భాను' అని రాసింది. తెలుగులో!"

మేస్టారు చేతిలో గ్లాసు జారి టీ అంతా పంచె మీద పడింది. కాలిందన్న ధ్యాస కూడా లేదాయనకి. "తెలుగులోనా!"

"దీర్ఘం కూడా పెట్టింది మేస్టారూ."

అందరూ నోళ్ళు తెరిచి ఆకాశంకేసి చూశారు. నూకరత్నం మాత్రం చూడలేదు.

"బాబూ, అంగారకుడి సంగతి నాకు తెల్దండి. రేపు మా డబ్బాలో వేసేది ఆ లైనేనాండి?"

"అదేనండి."

"మరి ఆ టెస్టు, ముందు కారిందాండి?"

"కారడమేంటి నూకరత్నం గారూ?"

"పడవ చెక్కల మధ్య సందు పడితే దూది దూరుస్తాం కదండి. దూర్చకముందు, పడవ గట్టు మీదుండగానే లోపల నీళ్ళు పోస్తాం. ఎక్కడ కారుతుందో సుద్దముక్కతో గీసుకుంటాం. అతుకేశాక మళ్ళీ అన్ని నీళ్ళే పోస్తాం. ముందు కారి ఆనక ఆగితేనే అది అతుకండి. ముందు కారడం చూడకుండా, ఆనక కారలేదని చెప్తే మా ఆయన ఆ వడ్రంగిని ఇంటికెళ్ళనివ్వడు."

ఫిన్లాండు పెద్దమనిషి మెయిల్లో ఉన్నది సరిగ్గా అదే. నీ లైను తీసేసి నడిపితే ఈ టెస్టు ఫెయిలవుతోందా?

"ఎందుకు కారదండీ, ఇప్పుడే చూపిస్తా," అని భానుతేజ సంచిలోంచి ల్యాప్‌టాప్ తీశాడు. బింకం కాదు, నమ్మకమే. పెసరట్లూ అంగారకుడూ కోతలని అందరికన్నా ముందు తనకే తెలుసు. కానీ ఆ ఒక్క లైనూ ఆ ఒక్క టెస్టూ నిజం. ఆ నిజం అడుగున ఉందనే ధైర్యంతోనే పైన ఎన్ని మేడలైనా కట్టేవాడు.

లైను తీసేశాడు. టెస్టు నడిపాడు. తెర మీద పచ్చగా పాస్ అని వచ్చింది.

"పచ్చరంగు మంచిదే కదా తమ్ముడూ?" అన్నాడు త్రిమూర్తులు.

"కాదన్నా. లైను తీసేశాక ఫెయిలని ఎర్రగా రావాలి." మళ్ళీ నడిపాడు. మళ్ళీ పచ్చగానే వచ్చింది.

మేస్టారు పంచె దులుపుకుంటూ వచ్చి వంగి చూశాడు. "టెస్టులో నువ్వు పంపిన పేరు ఎన్ని అక్షరాలురా?"

భానుతేజ వేలు పెట్టి లెక్కపెట్టాడు. "అరవై."

"గళ్ళెన్ని?"

"అరవై నాలుగు."

నూకరత్నం బుగ్గలు నొక్కుకుంది. "పైచెక్కకి చిల్లుంటే అడుగున చెంబెడు నీళ్ళు పోసి కారలేదన్నారా బాబూ!"

భానుతేజ వంద అక్షరాల పేరు కొట్టాడు. నడిపాడు. ఎర్రగా వచ్చింది. అమ్మయ్య, కారింది. గబగబా తన లైను తిరిగి పెట్టాడు. "ఇప్పుడు చూడండి."

ఎర్రగానే వచ్చింది.

ఇంకోసారి నడిపాడు. ఎరుపే. తన లైను తనే అక్షరం అక్షరం చదువుకున్నాడు.

"పేరు అరవై నాలుగో గడిలో ఆగుతోందండి," అన్నాడు మెల్లిగా. "పేరు అయిపోయిందని చెప్పే గుర్తుకి ఇంకో గడి కావాలి. నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అది వెళ్ళి పక్కవాళ్ళ గడిలో పడుతోంది."

"అంటే రేపు ఇదే వేసుంటే?" అంది నూకరత్నం. "నడిసముద్రంలో మా ఆయన డబ్బా మళ్ళీ లేవకపోనా?"

లేస్తుందని చెప్పడానికి వెయ్యి మాటలున్నాయి అతని దగ్గర. ఒక్కటీ వాడలేదు. "లేవకపోవచ్చండి. తప్పు నాదే."

అక్కడే నిలబడి కంపెనీకి ఫోన్ చేశాడు, రేపు ఏ డబ్బాలోనూ ఏదీ ఎక్కించొద్దని. ఫిన్లాండు మెయిలు తెరిచి మూడు రోజుల తర్వాత జవాబు రాశాడు. ఫెయిలవ్వలేదు, టెస్టూ తప్పే, లైనూ తప్పే, రెండూ మళ్ళీ రాసి పంపుతాను అని. అతను అంత చిన్న మాట చెప్పడం ఆ కొట్టు దగ్గర ఎవరూ ఎప్పుడూ వినలేదు.

నూకరత్నం లేచి గంప నెత్తిన పెట్టుకుంది. "ఎల్లుండే దింపుతాం లెండి పడవ. ముందు బాగా కారనిచ్చి, ఆనక అతకండి."

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"బాబూ, ఆ అంగారకుడి బండోళ్ళకి కూడా ఓ ఫోన్ కొట్టండి. పాపం, దారి తెలీక తిరుగుతుంటే దానికోసం రేవులో కూర్చునేవాళ్ళు కూడా ఉండరు."