జిల్లేడు పాల సినిమా

నోరు ముయ్యి! ఆ నర్సమ్మ మీద అరిస్తే తలుపు తొందరగా తెరుస్తారా? కూర్చోరా, గోడకి ఆనుకుని కూర్చో. నాకు మాత్రం కంగారుగా లేదూ? ఇదిగో, కుళాయి నీళ్లకి తడిసిన చీర, ఇంకా ఆరలేదు.

ఏమిటీ? "అక్కా, అది ఉత్త సినిమాయే కదా" అంటావా? ఆ మాట మళ్లీ అన్నావంటే చెంప పగలగొడతాను. తమ్ముడివని కూడా చూడను.

నీ పనిని నేనెప్పుడైనా తక్కువ చేశానా? చిక్కుడు తీగ ముందు కెమెరా బిగించి, కిటికీలకి నల్లగుడ్డ కట్టి, కాసేపటికొక బొమ్మ చొప్పున రోజుల తరబడి తీశావు. కుండీకి నీళ్లు పోసింది నేనే కదా! అది వెంట్రుకవాసి కదిలినా తిడతావని ఊపిరి బిగబట్టి పోసేదాన్ని. తీరా గోడ మీద వేసి చూపిస్తే, ఆ తీగ గాల్లో తడుముకుంటూ పుల్లను వెతుక్కుంది. ఒళ్లు జలదరించింది నాకు! రోజూ చూసే మొక్కని అప్పుడే చూశాననిపించింది. అది నిజం. మెల్లగా జరిగేదాన్ని తొందరగా చూపించావు, అంతే.

తర్వాత ఆ మాయల సినిమావాళ్లు పిలిచారు. కళ్లులేని రాకుమారుడు, అడవిలో మొక్క, దాని పాలు పడగానే చూపు. బాగానే ఉంది. అది కథేనని టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ తెలుసు. జిల్లేడాకు తుంచి పాలు కారుతుంటే కెమెరా దగ్గరగా పెట్టి తీశావు. నటుడి కంట్లో మాత్రం నీళ్లు కలిపిన ఆవుపాలు వేశావు. రెండు ముక్కలూ అతికించావు. పక్కనే ఉన్న నాకే అతుకు కనబడలేదు.

ఆ ముక్క తెచ్చి బడిపిల్లలకి మొక్కల పాఠంగా తీసిన సినిమాలో ఎందుకు పెట్టావురా? "పిల్లలు కునికిపాట్లు పడుతున్నారక్కా, కాస్త మసాలా ఉండాలి" అన్నావు. చిక్కుడు తీగ పక్కనే ఈ అబద్ధం! రెండింటి వెనకా ఒకే గొంతు, నీ గొంతు! వద్దన్నానా లేదా? "నీకు తెలియదులే" అని నవ్వావు.

పోనీ, ఆ సినిమా ఇంట్లో వేసినప్పుడు నీ కూతురు, మన పిచ్చుక, నీ ఒళ్లో కూర్చుని ఏమడిగింది? "నాన్నా, నిజంగా చూపొస్తుందా?" అంది. "కెమెరా అబద్ధం చెబుతుందా తల్లీ" అన్నావు. దాని ముక్కు గిల్లి మరీ అన్నావు!

దాన్ని బళ్లో ఏమని పిలుస్తారో తెలుసుగా? సోడాబుడ్డి. సరదాకి నువ్వూ అదే అంటావు. ఆ అద్దాల పీడ వదలాలని ఇవాళ పెరటి గోడ పక్కన జిల్లేడు తుంచి, ఆ పాలు కళ్లలో పిండుకుంది. అంతకుముందు అద్దాలు మడిచి గట్టు మీద పెట్టిందిరా, జాగ్రత్తగా. ఇవిగో, నా కొంగుకి ముడేసుకున్నాను.

కేక విని పరుగెత్తాను. కుళాయి కింద పెట్టి కళ్లు కడుగుతుంటే నా చెయ్యి తోసేస్తుంది! "కడగొద్దత్తా, కాసేపాగితే చూపొస్తుంది" అంటుంది. మంటకి గిలగిల కొట్టుకుంటూ అంటుందిరా ఆ మాట. అంత నమ్మింది నిన్ను.

ఆ సినిమా ఇంకా ఎన్ని బళ్లలో ఆడుతోందో! ఇంకెంతమంది పిల్లలు జిల్లేడు తుంచుతారో! లే, ఫోన్ చెయ్యి. ఇప్పుడే ఆపమను. పరువా? ఏం పరువురా? చెయ్యి ముందు!

ఆపేస్తామన్నారా? సరే.

ఉండు, తలుపు తీశారు. దాని అద్దాలు కావాలట. నన్నొక్కదాన్నే రమ్మంటున్నారు. నువ్వు ఇక్కడే ఉండు.

...

లేవకు, చెబుతాను. చూపుందిరా! చూపుంది! ఎడమకన్ను కొన్నాళ్లు మసకగా ఉంటుందట, మందు వేస్తూ ఉండాలట. ఏడు, పరవాలేదు, ఏడు.

లోపలికి వెళ్లేముందు ఒక్క మాట విను. దానికి అద్దాలు పెట్టాను. డాక్టరమ్మ గోడ మీదున్న తామరపువ్వు ఫొటో చూపించి "ఏంటమ్మా అది?" అంది. పిచ్చుక చాలాసేపు చూసింది. తర్వాత తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "అత్తా, నువ్వు చెప్పు. అది నిజం పువ్వేనా, నాన్న తీసిందా?" అంది.

"నాన్న బయటే ఉన్నాడు, పిలవనా?" అన్నాను.

"పిలువు" అంది. "నాన్న చెప్పేది నిజమో కాదో నువ్వు పక్కనుండి చెబుతావా?" అంది.

పద మరి. నేనూ వస్తున్నాను. నేను పక్కన లేకపోతే ఇక నీ మాట దాని దగ్గర చెల్లదట.