కదలకుండా కూర్చునే పరీక్ష

అన్యాయం జరిగింది మా చిన్నదానికి మేడమ్. పోయిన మంగళవారం పొద్దున, మీ నాటకాల క్యాంపు హాల్లో, పదిమంది తల్లుల ముందు. చేసింది మీరు.

ఆగండాగండి, లేవకండి. ఇప్పుడే కదా మొహానికి ప్యాక్ వేశాను. తడి మట్టి. మాట్లాడితే ముడతల్లోకి దిగుతుంది, నవ్వితే పగులుతుంది. ఇరవై నిమిషాలు ఆరాలి. కళ్ల మీద కీరా ముక్కలు కూడా పెట్టేశాను కాబట్టి నన్ను ఉరిమి చూసే వీలు కూడా లేదు మీకు. హాయిగా పడుకోండి. మాటల సంగతి నేను చూసుకుంటాను.

గుర్తుపట్టి ఉండరు. ఆ రోజు నేను షాపు వదిలేసి ఆదరాబాదరాగా వచ్చిన ఒక తల్లిని. ఇవాళ తెల్లకోటు వేసుకున్న బ్యూటీషియన్ని. మనిషి ఒకటే. నోరు కూడా అదే.

చప్పుడా? వెనక గది తలుపు. గాలికి. షాపులో మనిద్దరమే ఉన్నామనుకోండి.

మా చిన్నది ఎవరో గుర్తు రావాలంటే, ఆ బల్లి సంగతి చెప్పాలి. పిల్లలందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని పది నిమిషాలు కదలకుండా, పలక్కుండా ఉండమన్నారు. మీ క్యాంపులో చేరాలంటే ముందు అదే పరీక్ష అన్నారు. అందరూ బుద్ధిగా మూసుకున్నారు. ఒక్క గొంతు మాత్రం, "మేడమ్, ఆ గోడ మీది బల్లి కూడా మన పరీక్షే రాస్తోందా? కదలట్లేదు" అంది. ఆ గొంతే మా పిల్ల. ఎనిమిదేళ్లు. ఇంట్లో గిలక్కాయ అంటాం. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

హాలంతా నవ్వింది. మీరు నవ్వలేదు. "ఈ పాపకి నిలకడ లేదమ్మా, వచ్చే ఏడు తీసుకురండి" అన్నారు. అని, తర్వాతి పాప వైపు తిరిగారు. అంతే. మాకు వచ్చే ఏడాది దాకా సెలవు ఇచ్చేశారు.

నుదుటి దగ్గర పగిలింది చూడండి. అంటే కోపం వచ్చింది. నాకు పదిహేనేళ్ల అనుభవం మేడమ్, ఈ కుర్చీలో మనిషి మాట్లాడకపోయినా మట్టి మాట్లాడుతుంది. కోపమైతే నుదురు, అనుమానమైతే ముక్కు పక్కన, ఒప్పుకుంటే బుగ్గ. ఉండండి, కాస్త రోజ్ వాటర్ చల్లి సరిచేస్తాను.

ఇంటికెళ్లి అది ఏడ్చిందనుకుంటున్నారా? ఏడిస్తే బాగుండేది. ఇక్కడికొచ్చి, ఆ వెనక గదిలో తువ్వాళ్ల గుట్ట మీద గోడకేసి తిరిగి కూర్చుంది. అరగంటైనా చప్పుడు లేదు. మా ఇంట్లో చప్పుడు లేదంటే ఏదో పగిలిందనే అర్థం. వెళ్లి చూద్దును కదా, వాక్సింగ్ పట్టీ ఒకటి నోటికి అడ్డంగా అంటించుకుని ఉంది. మైనం పూయని పట్టీనే తీసుకుంది, బతికిపోయింది. జిగురు టేపుతో అతికించుకుంది. తీసి అడిగితే, "మాట్లాడకుండా ఉండటం నేర్చుకుంటున్నానమ్మా, వచ్చే ఏడుకి" అంది.

అప్పుడు నాకొచ్చింది మేడమ్ కోపం. నా కోపం సంగతి ఈ వీధిలో ఎవరినైనా అడగండి. ఎదురింటి టైలరు ఇప్పటికీ నా కొలతలు తప్పు రాయడు.

ఈగ తిరుగుతోంది ఒకటి. మీ మీద వాలనివ్వను, నిశ్చింతగా ఉండండి.

మీరు కాదంటే మేము గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నామనుకునేరు. మన పేటలో ఎన్ని క్యాంపులున్నాయో అన్నీ తిప్పాను. ముందు ఈత క్యాంపు. కొలను నిండా పిల్లలే మేడమ్, నీళ్లు ఎక్కడో వెతుక్కోవాలి. ఈదడం లేదు ఎవరూ, రద్దీ బస్సులో నిలబడ్డట్టు నిలబడ్డారు. మా గిలక్కాయ కండక్టరు గొంతుతో "జరగండి, జరగండి, ముందుకి జరగండి" అంది. నిజంగానే ఒక మూల నలుగురు జరిగారు. కోచ్ మాత్రం జరగలేదు. మమ్మల్నే బయటికి జరిపాడు.

తర్వాత రోబోల క్యాంపు. అక్కడ ఒక బండి బొమ్మ చేయిస్తారు, అది వెనక్కే వెళ్తుంది. ముందుకు ఎప్పుడు వెళ్తుందని అడిగితే, అది పై కోర్సులో ఉందన్నాడు ఆ సారు. ఇంకోటి, మెదడుకు పదును పెట్టే క్యాంపు. సెలవుల్లో కూడా ఎక్కాలే. అక్కడ పిల్లల మొహాలు చూసి, ఇది పదును పెట్టడం కాదు, అరగదీయడం అని నిర్మొహమాటంగా చెప్పి వచ్చాను. బొమ్మలు గీసే క్యాంపు బాగుంది కానీ, అది గీసిన ప్రతి బొమ్మకీ మాటలు కూడా కావాలంటుంది. బొమ్మేమో ఏనుగు, గొంతేమో మా అత్తగారిది. పక్క పిల్లలు గీయడం మానేసి దాని చుట్టూ చేరారు. సాయంత్రానికి ఆ మాస్టారు చేతులు జోడించారు.

దాని నాన్న "సెలవులే కదా, ఇంట్లో ఉండనీ" అంటాడు. ఏ ఇంట్లో? ఆయన వ్యానెక్కి పొద్దున్నే పోతాడు, నేను ఇక్కడ. పోయిన వేసవంతా అది ఆ వెనక గదిలోనే గడిపింది, డ్రయ్యరు చప్పుడుతో కబుర్లు చెప్పుకుంటూ. ఇది కావాలని అది నోరు తెరిచి అడిగింది మీ క్యాంపొక్కటే. ఆ పోస్టరు మీవాళ్లు మా తలుపు మీదే అంటించి పోయారు, నన్నడగకుండా. అది రోజూ దాన్ని చదివేది. ఒకసారి ముసలమ్మలా, ఒకసారి పోలీసులా, ఒకసారి జలుబు చేసిన రేడియోలా. వచ్చే కస్టమర్లందరికీ మీ క్యాంపు తేదీలు నోటికి వచ్చేశాయి. ఉచితంగా అంత ప్రచారం మీకు ఇంకెవరు చేశారు చెప్పండి?

చెప్పకండి. పగులుతుంది.

నేను పెద్ద చదువులు చదవలేదు మేడమ్. మధ్యలో ఆగిపోయిన చదువుని, కస్టమర్లు వదిలేసి పోయిన పత్రికలతో మొదలుపెట్టి, వీధి చివర లైబ్రరీతో లాక్కొస్తున్నాను. ఈ క్యాంపులన్నీ తిరగకముందే, మర్నాడు బుధవారం, నేరుగా అక్కడికే పోయాను. నటన గురించి రెండు పుస్తకాలుంటే రెండూ తెచ్చాను. ఎందుకు? మిమ్మల్ని ఓడించడానికి. చిన్నపిల్లల్ని పలక్కుండా కూర్చోబెట్టడం ఏ పుస్తకంలో ఉందో చూపించండని, మీ హాల్లోనే, అదే పదిమంది ముందు నిలదీద్దామని.

తీరా చూస్తే ఉంది. రెండో పుస్తకంలో, మధ్యలో. కదలకుండా ఉండటం కూడా నటనేననీ, అది రానివాడికి కదలడం కూడా రాదనీ. మళ్లీ చదివాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. మీ మీద కోపం సగం తగ్గిపోయింది, ఏం చేస్తాను. మిగతా సగం దాచుకున్నాను. ఎందుకంటే పిల్లకి మీరు పరీక్ష పెట్టారు కానీ, వేషం ఇవ్వలేదు. ఊరికే కూర్చోమంటే అది గిలక్కాయగానే కూర్చుంటుంది. గిలక్కాయ మోగకుండా ఉంటుందా?

ముక్కు పక్కన పగిలింది. అనుమానం. అడగాలనుంది కదూ, ఇదంతా నాకెందుకు చెప్తోంది, చేరికలు అయిపోయాయి కదా అని. అయిపోలేదు మేడమ్. ఒక ఖాళీ ఉంది. లాయరమ్మ కొడుకు నిన్నటితో మీ దగ్గర మానేసి ఆ రోబోల దాంట్లో చేరాడు. నాకెలా తెలుసా? ఆవిడే చెప్పింది, ఇదే కుర్చీలో. పెదవి పైన దారం లాగేటప్పుడు మనుషులు అన్నీ చెప్పేస్తారు.

అన్నట్టు, మీరు ఇప్పటికి మూడుసార్లు కదిలారు. తలుపు చప్పుడుకి ఒకసారి, ఈగ అన్నప్పుడు ఒకసారి, లాయరమ్మ పేరెత్తగానే ఒకసారి. "ఊఁ" అని అయిదుసార్లు అన్నారు. తప్పుబట్టడం లేదు. పెద్దవాళ్లకే ఎంత కష్టమో చూడమంటున్నాను.

సరే, ఇక మీ సహనాన్ని పరీక్షించను. కీరా ముక్కలు తీస్తున్నాను. మెల్లగా తెరవండి. అద్దంలోకి కాదు, నావైపూ కాదు. ఎడమ పక్కకి చూడండి, ఆ స్టూలు మీదకి.

ఉలిక్కిపడకండి మేడమ్, బొమ్మ కాదు. అదే. గిలక్కాయే. తలకి విగ్గు పెట్టాను, అంతే తేడా. షాపు కిటికీలో పెట్టే ప్లాస్టిక్ బొమ్మ వేషం ఇచ్చాను. మీకు కీరా ముక్కలు పెట్టిన మరుక్షణం వచ్చి కూర్చుంది. ఇందాకటి చప్పుడు గాలి కాదు. నేను దాని బల్లి గురించీ, దాని ఏడవని ఏడుపు గురించీ, అంతా దాని ముందే చెప్పాను. కండక్టరు సంగతి వచ్చినప్పుడు నాకే నవ్వొచ్చింది, దానికి రాలేదు. ఆ ఈగ మీ మీద కాదు, దాని ముక్కు మీద వాలింది. నేను మీతో మాట్లాడుతూనే లోపల చచ్చిపోయాను. అది రెప్ప కూడా వేయలేదు. వేసి ఉంటే నేను చూడలేదు, తల్లిని కదా, చూడను.

ఇప్పుడు కూడా చూడండి, మీరు దాని మొహంలోకి మొహం పెట్టినా కదలదు. నేను "అయిపోయింది" అనాలి. అప్పుడే.

బుగ్గ దగ్గర పగిలింది.

రెండు బుగ్గలూ. ఇక ఆ ప్యాక్ దేనికీ పనికిరాదు, నవ్వేయండి. నిజం చెప్పేస్తున్నాను మేడమ్, అది ఆరిపోయి చాలాసేపైంది. ఇందాక సరిచేస్తానని చల్లిన రోజ్ వాటరు సరిచేయడానికి కాదు, మిమ్మల్ని ఇంకాసేపు పడుకోబెట్టడానికి. చర్మానికేం కాదు, ఇంకొంచెం మెరుస్తుంది కూడా.

ఏమిటీ? వేళ్లు చూపిస్తున్నారు. అయిదా? మే అయిదున వచ్చి చేరమనా? పొద్దునా, సాయంత్రమా? పొద్దున. తొమ్మిదికి. అలాగే.

అయిపోయిందే తల్లీ, ఇక దిగు, మేడమ్‌కి నమస్కారం పెట్టు. బల్లి గురించి తర్వాత అడుగుదువుగాని. ముందు ఆ కనుబొమ్మల పెన్సిలు ఇటివ్వు, అద్దం మీద పెద్దగా రాస్తాను, వచ్చినవాళ్లందరూ చదివేలా: మే అయిదు, సోమవారం, ఉదయం తొమ్మిది గంటలు.