మంచం కింద దిమ్మెలు

బాలింతల్ని చూసుకోవడానికి ఇంటికొచ్చే రూల్ఫీనకి, నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ ఊళ్లోని ఆ ఇంట్లో అదే ఆఖరి రోజు. పాపకి స్నానం చేయించి పడుకోబెట్టి అలమర సర్దుతోంది. బాలింత నీంకె మంచం మీంచి ఆమెనే చూస్తోంది.

"డైపర్లు చాలినన్ని ఉన్నాయి. థర్మామీటర్ ఇక్కడుంది. విటమిన్ చుక్కలు రోజూ వెయ్యాలి, మర్చిపోకమ్మా. ఇదేంటి, తువ్వాలుకి పట్టీ ఉంది?"

"మెడకి తగిలించుకోవచ్చు. పాపని నీళ్లలోంచి తీసేటప్పుడు తువ్వాలు అందించడానికి ఇంకో మనిషి అక్కర్లేదట."

"మంచిదే కొన్నావు. మరి ఈ రస్కులూ, వాటిమీద చల్లే గులాబీ రంగు సోంపూ ఇంతింత మిగిలాయేం?"

"పాపని చూడ్డానికి వచ్చేవాళ్లకి ఆనవాయితీగా పెడదామని కొన్నా. రోజూ మీరొక్కరే తిన్నారు."

"అందుకే నా బట్టలు బిగుతయ్యాయి!"

రూల్ఫీన ఒక్కతే నవ్వి, ఆపేసింది.

"సరే, మంచం కింద దిమ్మెలు తీసేస్తా. నీ దగ్గర వంగి వంగి నా నడుం పట్టేయకూడదని ఎత్తు చేయించాం గానీ, ఇంక వాటితో పనేముంది?"

"ఉండనివ్వండి."

"ఎక్కడం దిగడం నీకే కష్టం కదే తల్లీ?"

"కష్టమే. మంచం ఎత్తుగా ఉంటే, పొద్దున్నే మీరొస్తారనిపిస్తుంది."