ఎత్తని ఫోన్లు

పరిశోధన గైడు గదిలో టేబుల్ మీద విద్యార్థి రాసిన సర్వే నివేదిక తెరిచి ఉంది.

“వినికిడి లోపం మీద సర్వే ఫోన్లో చేశావన్నమాట.”

“అవును మేడమ్. మాట్లాడిన మూడొందల మందిలో ఒక్కరికీ చెవుడు లేదు.”

“ఆహా, ఊరంతా పాముచెవులే. ఇక చెవుల ఆసుపత్రికి తాళం వేయించేద్దాం. మరి ఫోన్ ఎత్తనివాళ్లు?”

“నూట ఇరవై మంది. ఆసక్తి లేదని రాసి, లెక్కలోంచి తీసేశాను.”

“ఫోన్ మోగిందనే తెలియనివాళ్లకి ఆసక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది నాయనా? ఒక్కరింటికైనా వెళ్లి చూశావా?”

“లేదు మేడమ్.”

“వెళ్లు. తెలిసినవాళ్లతో మొదలుపెట్టు.”

“అయితే ముందు మా నాన్న దగ్గరికెళ్లాలి. జాబితాలో ఆయన నంబరూ వచ్చింది.”

“నాన్నక్కూడా ఆసక్తి లేదని రాశావా?”

“ఆర్నెల్లుగా నా ఫోన్ ఎత్తట్లేదు మేడమ్. అలిగారనుకుని నేనూ వెళ్లడం మానేశాను.”