దెయ్యం ఎక్కడుందో చెప్పేశాను

మీ మనవడి ఆట నేనే ముంచానంటారేంటండీ మాస్టారూ? కూర్చోండి, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. మొన్న పాస్టరుగారి తమ్ముడు అందులోంచే పడి, మా నేల వంకరన్నాడు.

ఆఁ, గిరీష్. ఫోనులో ఆడే దెయ్యాల ఆట చేశాడు. మన కోడూరు, మన ఉప్పెన. బాగానే చేశాడు, కాదనను. రొయ్యల చెరువు కాడ ప్రభాకర్ లేడూ, దెయ్యమంటే లెక్కలేదనేవాడు, మొదటి అరుపుకే ఫోను చెరువులో పడేశాడు. ఇప్పుడు రొయ్యలు ఆడుతున్నాయి.

నా కోపం దానికి కాదండీ. నా చిన్ననాటి నేస్తం ధనమ్మ చేతికి ఎందుకిచ్చాడు? 'మన ఊరు చూడు పెద్దమ్మా' అన్నాడట. చూస్తే తుమ్మచెట్టు మీద ఆడపిల్ల, కింద నీళ్లల్లో తమ్ముడు, అక్క చెయ్యి వదిలేస్తుంది. డెబ్బై ఏడు ఉప్పెనలో దాని తమ్ముడు పోయాడని ఊరందరికీ తెలుసు, వీడికి తెలీదా? పది రోజులు అది నెత్తిన చెంబుడు నీళ్లు పోసుకోలేదు.

వెళ్లి గిరీష్‌నే అడిగాను. మొదట్లోనే ఒక మాట రాయరా, ఇందులో ఉప్పెన ఉంది, పిల్లాడు పోతాడు, తట్టుకోలేనివాళ్లు ఆడొద్దని. 'ముందే చెప్తే భయమేముంటుంది పిన్నీ' అన్నాడు. చావుకబురు తెచ్చినవాడు కూడా ముందు 'ఒంట్లో బాలేదు, బయల్దేరండి' అంటాడు కదండీ. గుమ్మంలోంచే శవాన్ని మీద పడేస్తాడా?

నువ్వు రాయకపోతే నేను చెప్తానన్నాను. చెప్పాను. అవనిగడ్డ బస్సులో, రేషను వరసలో, చర్చి బయట. మూడో గదిలో తలుపెనక ముసలమ్మ, లైటారితే వెనక్కి తిరగొద్దు, చెట్టు దగ్గర పిల్లాడు పోతాడు. ఇప్పుడు ముసలమ్మ రాగానే పిల్లలు 'వచ్చావా అత్తా, కూర్చో' అంటున్నారట. నా కడుపు చల్లబడింది.

లేదండీ, జాలేం లేదు. కొనేవాళ్లు లేరంటే నన్నేం చెయ్యమంటారు?

నిన్న ధనమ్మ మళ్లీ ఆడింది. ఎక్కడ ఏమొస్తుందో నా నోటే విందిగా, చివరిదాకా ఆడింది. ఆడి, తిన్నగా నా దగ్గరికొచ్చింది. 'తమ్ముడు పోయాడని ఊరికి తెలుసు. చెయ్యి నేనే వదిలేశానని నీకు తప్ప ఎవరికీ చెప్పలేదే. వాడికెలా తెలిసింది?' అంది.

ఆటకి కథ కావాలని వాడడిగితే, నేనే చెప్పాను మాస్టారూ.

ఇప్పుడది మీ గిరీష్‌తో మాట్లాడుతోంది. నాతో మాట్లాడటం లేదు.