నోరీన్ చేతి రంగు

అధ్యక్షత వహించిన మా క్లబ్బు పెద్ద టెరెన్స్ గారికి, మాంసం కూరిన పైలు చల్లారిపోతున్నాయని వంటగది వైపే చూస్తున్న ముందు వరుస పెద్దలకు, మా పార్లర్ అమ్మాయిలకు, ఏళ్ల తరబడి ఈ లివర్‌పూల్ ఆడవాళ్లకు ఎండ అక్కర్లేకుండా స్ప్రేతోనే ఒంటికి గోధుమరంగు తెప్పించి ఇవాళ పని విరమిస్తున్న నోరీన్‌కు నమస్కారం. "నాలుగు మాటలు పొగుడు బెరిల్" అన్నారు. పక్క గదిలో అదే పని చేసే నేనే దొరికానా? (నవ్వులు)

కొత్తగా చేరిన పిల్లలిద్దరికీ పని కూడా చెప్పమన్నారు. వినండమ్మా. వచ్చినావిడ ముందురోజే ఒళ్లు బాగా రుద్దుకుని స్నానం చేసి ఉండాలి. సెంటు, క్రీము ఏదీ పూసుకోకూడదు. మోచేతులకు, మోకాళ్లకు, మడమలకు మాత్రం మీరే పల్చగా క్రీము రాయండి, లేకపోతే రంగంతా అక్కడే పేరుకుంటుంది. స్ప్రే గన్ను జానెడు దూరంలో పట్టుకుని ఆడిస్తూనే ఉండాలి, చెయ్యి ఆగిందా, మచ్చే. ముఖానికి కొట్టేటప్పుడు ఊపిరి బిగబట్టమనండి. తర్వాత వదులు బట్టలు వేసి పంపండి, మర్నాడు పొద్దున స్నానం చేసేదాకా రంగు పచ్చిదేనని చెప్పండి. ఇంతే పని! ఇంతే పనికి ఆవిడ గది ముందు బారులెందుకో, నా గది ముందు ఖాళీ కుర్చీలెందుకో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఆ మధ్య ఎయిన్‌ట్రీ గుర్రప్పందాల్లో ఆడవాళ్లంతా ముస్తాబై వెళ్లే రోజుకని ఒకావిడ వచ్చింది. షీలా, నవ్వకు, నీ సంగతే. చెమట వాసనకు పూసుకున్న మందు సంగతి దాచిపెట్టింది. ఆ మందు రంగుతో కలిసి తెల్లారేసరికి చంకలు ఆకుపచ్చ! అందరినీ రాణీ అని పిలిచే మా నోరీన్ ఏమందో తెలుసా? "గుర్రం గెలిచినా సరే, చేతులు మాత్రం ఎత్తకు రాణీ" అంది. ఆ మాట షీలా ఊరంతా చెప్పి నవ్వించింది, ఆవిడ గది ముందు బారు ఇంకా పెరిగింది. నా చేతిలో అలా జరిగుంటే నన్ను తరిమేసేవాళ్లు.

అన్నీ ఓర్చుకున్నాను. ఒక్కటి మాత్రం నా వల్ల కాదు. ఈ శనివారం మా అమ్మాయి టెస్ పెళ్లి. కన్నతల్లి చేతిలో గన్నుండగా, విరమిస్తున్న మనిషిని బతిమాలి గురువారం రంగు వేసేలా ఒప్పించుకుంది! ఒళ్లు మండిపోతోంది నాకు. టెరెన్స్ గారూ, టైమైందని కొట్టబోతున్న ఆ గంట పక్కన పెట్టండి. టెస్, అందరి ముందూ చెప్పు, నా చేతికేం తక్కువే?

(వెనక నుంచి టెస్: "నీ చేతికేం కాదమ్మా! నన్ను చూస్తూ నువ్వు ఏడుస్తావు. మొన్న గౌను వేసి చూసినప్పుడే నా భుజం తడిపేశావు. పచ్చి రంగు మీద కన్నీటి బొట్టు పడితే చార కదా!")

(నోరీన్: "నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది, రాణీ.")

ఒట్టా? చూశారా, నా కూతురి గుట్టు కూడా ఆవిడ దగ్గరే! ఎవరు ఏడుస్తారు? నేనా? (కళ్లు ఒత్తుకుని) ఎవరైనా ఓ రుమాలు ఇలా ఇవ్వండి.

సరే నోరీన్. నువ్వే వెయ్యి, బాగా వెయ్యి. నేను లోపలికి రాను. విన్నవాళ్లందరికీ ధన్యవాదాలు, పైలు తినండి. శుక్రవారం పొద్దున టెస్ స్నానం చేసి వస్తుంది, ఇక కన్నీళ్లు పడ్డా రంగు కదలదు. అప్పుడు నువ్వు పక్కకు తప్పుకో. ఆ భుజం నాది. సెలవు.