వంపులు సాగదీసిన ఫిర్మాన్ రైలు

"ఆవిరి ఎక్కుతోందండీ, ఎక్కుతోంది. కూర్చోండి మెస్యే బ్రుగల్. మా బుల్లి రైలు ఉంచాలా, మూసెయ్యాలా అని చూడ్డానికి జిల్లా కౌన్సిల్ నుంచి ఇంతదూరం వచ్చారు, కాసేపు కూర్చుంటే అరిగిపోతారా? ఎదార్, ఈయనకో గ్లాసు ఎర్ర వైను పొయ్యవయ్యా. ఎవర్ని కదిపినా బస్సు, బస్సు, బస్సు. చెవులు చిల్లులు పడుతున్నాయి నాకు. ఈ ఫిర్మాన్ ఇంజను మీదుండగా బస్సేంటండీ?

వంపులెక్కువంటారు. మా తాతల కాలంలో ఈ పట్టాలు వేస్తుంటే ప్రతి ఊరి మేయరూ తన గుమ్మం ముందునుంచే పోవాలని పట్టుబట్టాడు. వంపులు రాకేం చేస్తాయి? ఇంజనుకి పూలదండలేసి బ్యాండు వాయించిన ఊళ్ళే ఇవాళ తుక్కుబండి అంటున్నాయి. ఒళ్ళు మండదూ?

కిందటి చలికాలం సంగతి చెప్తా, వినండి. మంచులో వాల్‌మెర్ల్ కొండ ఎక్కించా, ఎవర్నీ దిగి తొయ్యమనకుండా."

"ఎవర్నీ?" అన్నాడు కఫే యజమాని ఎదార్.

"నీ పని నువ్వు చూసుకో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండ దిగుతుంటే బండికి ఊపొచ్చింది. పక్కన పెద్ద లైను మీద పారిస్ ఎక్స్‌ప్రెస్ పోతోంది. దాటేశా. అందులో ఒకాయన సూపు తాగుతున్నాడు, చెంచా నోటికి చేరేలోపు మేం కనబడటమూ అయింది, మాయమవటమూ అయింది. అక్కడితో ఆగిందా? ఆ వేగానికి వంపు సాగిపోయిందండీ, నిటారుగా. ఒకటి కాదు, లైనంతా. మిగిలిపోయిన పట్టాలు పారేస్తామా, చుట్టచుట్టి చివరిపెట్టెలో వేసుకొచ్చా."

"పొద్దున నేను చూశాను, వంపులు ఉన్నాయిగా?" అన్నాడు బ్రుగల్.

"ఉండవూ మరి? మేయర్లంతా మా గుమ్మం ముందు రైలేదీ అని మీదపడ్డారు. పోనీలే పాపమని మళ్ళీ నేనే వంచిపెట్టా."

బయట బస్సు ఆగింది. అందులోంచి ఫిర్మాన్ భార్య ఓర్తాన్స్ ఖాళీ బుట్టతో దిగి, నేరుగా లోపలికొచ్చింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా? నేను సంతకెళ్ళి వెన్నంతా అమ్ముకుని తిరిగి కూడా వచ్చేశా."

ఫిర్మాన్ మొహం మాడిపోయింది. "బస్సులో వెళ్ళావా? నువ్వు కూడానా?"

"నీ బండికోసం కూర్చుంటే వెన్న నెయ్యయ్యేది." బ్రుగల్ వైపు జాలిగా చూసింది. "మీరూ రైలుకోసమేనా బాబూ?"

బ్రుగల్ బల్లమీది టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు. "బస్సు మళ్ళీ ఎప్పుడమ్మా?"

"ఇప్పుడే. త్వరగా వెళ్ళండి, ముందు సీటు ఖాళీగా ఉంది."

ఆయన వెళ్ళి ఎక్కాడు. బస్సు కదిలింది.

"ఆయనెవరో తెలుసా నీకు?" అన్నాడు ఫిర్మాన్.

"ఎవరైతే నాకేం? పాపం, ఊరు చేరొద్దూ?"